గురెళ్ళు మాడిన వాసన

మా అత్త వంట చేసేటప్పుడు రుచి చూడదు. మమ్మల్ని చూడనివ్వదు. దేవుడి ముందు పెట్టకముందే నాలుక తగిలితే అది ఎంగిలి అని ఆమె పట్టు. పండగ పూట చేసే బొబ్బట్లలాంటి ఓళిగలకే కాదు, మామూలు రోజు పొద్దున చేసే బొరుగుల ఉగ్గానికీ, పప్పుకూ, చారుకూ కూడా అదే పద్ధతి. మా వంటింటి గోడలోనే ఒక చిన్న గూడుంది, దేవుళ్ళు అందులో ఉంటారు. పొయ్యి మీంచి దిగిన ప్రతిదీ ముందు చిన్న గిన్నెలో ఆ గూట్లోకి పోవాలి. మనుషుల సంగతి తర్వాత.

మరి ఉప్పు చాలిందో లేదో ఎట్లా తెలుస్తుంది అంటే, ముక్కుతో. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముక్కు మాత్రం బయట ఉంచి, గిన్నె మీదికి వంగుతుంది. మూత తీసి ఆవిరిని చేత్తో తనవైపు విసురుకుంటుంది. ఉప్పు ఒక కల్లు తక్కువైంది అంటుంది, వేస్తుంది, దించుతుంది. ఉప్పుకు కూడా వాసన ఉంటుందా అని పెళ్ళయిన కొత్తలో నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఆ చేతి కూడు ఇన్నేళ్ళు తిన్నాను, ఆ ముక్కు తప్పు చెప్పగా ఏనాడూ చూడలేదు.

మేముండేది బళ్ళారిలో, కంటోన్మెంట్ వెనక సందులో. మా ఆయన యశ్వంతనగర్ దగ్గర ఇనుపరాయి గనిలో పనికి పోతాడు. పొద్దున ఏ రంగు చొక్కా వేసుకుపోయినా సాయంత్రానికి ఎర్ర చొక్కాతోనే వస్తాడు. నేను బడిలో పంతులమ్మను. కూతురు ఊరు కాని ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇక మా అత్త. హగరి ఏటి పక్క నల్లరేగడి పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి, జొన్నలు చేత్తో తీసుకుంటే ఏ చేనివో చెప్పగలనని అనుకునే మనిషి. మా ఇంట్లో పొయ్యి ఆమెది, సింకు నాది. నేను తరిగిస్తాను, రుబ్బిస్తాను, కడుగుతాను. పొయ్యి దగ్గరికి పోతే మోచేత్తో పక్కకు నెడుతుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఆయనను అడిగితే కథలు కథలుగా చెప్తాడు. అయినా ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆమె వేరుశనగలతో చేసే శేంగా ఓళిగలు, చెక్కల్లాంటి నిప్పట్లు, కజ్జికాయలు నా చేతికి రావు. తినే నోటికి పంతం పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువ పేరు గురెళ్ళ పొడికి. సందులో ఎవరికైనా జ్వరం తగ్గి నోరు చేదుగా ఉంటే, జొన్న రొట్టెలోకి మీ అత్త పొడి కొంచెం ఇయ్యమ్మా అని గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. కూతురికి హాస్టల్‌కు పంపే డబ్బాలో మిగతావి ఏవి ఉన్నా లేకున్నా ఆ పొడి ఉండాల్సిందే. గురెళ్ళు తెలియనివాళ్ళకు చెప్తున్నాను. నువ్వుల కంటే సన్నగా, పొడుగ్గా ఉండే నల్లటి గింజలు. వాటిని వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచితే వచ్చే పొడిని రొట్టె మీద వేసుకుని, మీద ఇంత నూనె పోసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఆ వేయించడంలోనే ఉంది చిక్కంతా. శేంగా విత్తనాలు వేగితే ఎర్రబడతాయి, కంటికి కనిపిస్తుంది. రవ్వ రంగు మారుతుంది. తెల్ల నువ్వులు బంగారు రంగుకు వస్తాయి. గురెళ్ళు మాత్రం పచ్చివీ నల్లగానే ఉంటాయి, వేగినవీ నల్లగానే ఉంటాయి, మాడినవీ నల్లగానే ఉంటాయి. చూసి ఏమీ తెలుసుకోలేం. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది, అది మాడు వాసనలోకి తిరిగేలోపు దించెయ్యాలి. గేటు దగ్గర ఎవరో పిలిచారని అటు పోయి పలికి వస్తే అయిపోయినట్టే.

ఆ ఏడాది వానలప్పుడు ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చింది. నాకూ మా ఆయనకూ కొన్నాళ్ళు వాసన తెలియలేదు, కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టు ఉండేది. తర్వాత మెల్లగా వచ్చింది. అత్తకు మా కంటే తక్కువ జ్వరమే వచ్చింది, మా కంటే ముందే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెను వాసన తెలుస్తోందా అని ఎవరూ అడగలేదు. అడిగే మాటా కాదది.

మొదట కూతురు ఫోన్ చేసింది. ఈసారి పొడి చేదుగా ఉందమ్మా, నా స్నేహితురాళ్ళు ముట్టలేదు అంది. మా ఇంట్లో తింటున్న కూటికి వంక పెట్టడం లేదు, మా మామగారు ఉన్నప్పటి నుంచీ ఆ అలవాటు. అంతకుముందే నేనూ మా ఆయనా అదే పొడి తిన్నాం. మా ఆయన రెండో రొట్టెకు పొడి వద్దని పెరుగు వేసుకున్నాడు, నేను నీళ్ళు తాగాను. అత్త కూడా తింది. తిని, గింజే చేదుగా ఉందని, ఈ వానలకు పంట పాడైందని, అంగడివాడు పాత సరుకు అంటగట్టాడని తిట్టిపోసింది. నేను నమ్మాను. ఆమె చేతిలో తప్పు జరిగిందని నాకు తట్టనే లేదు.

వేరే అంగడి నుంచి వేరే గింజలు తెప్పించింది. అవీ చేదయ్యాయి. ఆ తర్వాత కొన్ని చిన్న చిన్నవి జరిగాయి. నిప్పట్లు చూడడానికి ఎర్రగా, పలచగా, ఎప్పటిలాగే ఉన్నాయి, కానీ ముక్కిపోయిన నూనె కంపు కొట్టాయి. విరిగిన పాలతో కాఫీ కలిపి ఇచ్చింది. ఒకరోజు కుక్కర్‌లో పప్పు అడుగంటి, నేను స్నానాల గదిలోంచి అరిచేదాకా ఆమె పక్కనే కూర్చుని శేంగాలు ఒలుస్తూనే ఉంది. అరుపు వినగానే లేచి దించింది. ఆమె ముఖంలో పప్పు మాడిందన్న బాధ లేదు, భయం ఉంది.

పక్కింటి పెద్దామె గోడ మీంచి అన్నీ చూస్తుంది. ఉర్దూ కలిపిన తెలుగులో మాట్లాడుతుంది, మంచి మనిషి, మా అత్త పొడికి ఆమె మొదటి గిరాకీ. "నజర్ లగ్ గయీ అమ్మా, మీ చేతికి" అంది. దిష్టి తగిలిందన్న ఆ మాట అత్త మనసులో పడింది. అంతే, ఇక అదే పట్టుకుంది. ఎవరి కన్ను పడిందో, ఎవరు తిని ఏమనుకున్నారో, పడుకునేదాకా అదే గొణుగుడు.

అమావాస్య రోజు సాయంత్రం దిష్టి తీద్దామంది. మనిషికి కాదు, పొయ్యికి. ఎండుమిరపకాయలు, కల్లుప్పు, కొంచెం ఆవాలు పిడికిట్లో పట్టుకుని గ్యాస్ పొయ్యి చుట్టూ తిప్పింది. తర్వాత వాటిని నా చేతిలో పెట్టి, తన రెండు అరచేతులూ చాపి, వీటికి కూడా తియ్యి అంది. ఆ చేతుల చుట్టూ తిప్పాను. ఇన్నేళ్ళలో ఆమె నా ముందు చెయ్యి చాపడం అదే మొదలు.

పెరట్లో పాత ఇనుప మూకుడులో నిప్పులు పోసి వాటిని వేశాం. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు వచ్చిందంటే ఏమీ లేదని అర్థం. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని. ఇది మా వైపు ఎవరినడిగినా చెప్తారు. మిరపకాయలు నల్లబడి పొగ లేచింది. నాకు ఊపిరాడక దగ్గొచ్చింది. గోడకు అవతల పెద్దామె తుమ్ముతూ లోపలికి పోయింది. అత్త మాత్రం మూకుడు మీదికి వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంట చూసినట్టే చూసింది.

"సూడు. ఘాటే ల్యాదు" అంది.

నేను దగ్గుతూనే ఉన్నాను. నాకు వస్తోంది కదా అత్తా అన్నాను. నీకు జలుబు, అందుకు దగ్గుతున్నావు అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. పొగకు వచ్చాయో, ఏడుస్తోందో నాకు తెలియలేదు. చీకటి పడుతుండగా ఆ మూకుడు పక్కన నిలబడి, ఘాటు లేదంటే ఎంత పెద్ద కన్నో చూడు అని ఆమె పదే పదే అంటుంటే నాకు నిజంగానే భయమేసింది. భయం వెనకాలే కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ పొయ్యి మీద కన్ను వేసింది ఎవరు? నేనే కదా. అందరికీ ఘాటు వస్తుంటే ఈమె రాలేదంటోందంటే, ఇది నన్ను అనడానికే. అట్లా లెక్క కట్టుకుని మూతి ముడుచుకున్నాను. నా బుద్ధి అంతే, ఎంత చదివినా అట్లాగే ఉంది.

కొన్నాళ్ళు అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆమె పొయ్యి దగ్గర నుంచి పిలిచింది.

"ఇట్ల రా మే. ఈ గురెళ్ళ వాసన ఎట్లుండాదో సెప్పు."

నేను చేతులు తుడుచుకుని పోయాను. మోచెయ్యి అడ్డం రాలేదు. కొంగు నోటికి పెట్టుకోమంది, పెట్టుకున్నాను. వంగి చూసి, ఇంకా పచ్చిగా ఉంది అన్నాను. తిప్పింది. ఇప్పుడు అంది. కమ్మగా వస్తోంది అన్నాను. వెంటనే దించేసింది. ఆ పొడి ఎప్పటి పొడే. మా ఆయన మూడు రొట్టెలు తిన్నాడు.

అప్పటి నుంచి ప్రతి వంటకూ పిలిచేది. పూర్ణం ఉడుకుతుంటే పిలిచేది, నెయ్యి కాస్తుంటే పిలిచేది, పొద్దున పాలు కాచే ముందు గిన్నె నా ముక్కు కింద పెట్టేది. పంతులమ్మను నేను, పరీక్ష పెడుతున్నది ఆమె. నేను పొంగిపోయాను. ఇన్నేళ్ళకు నేర్పాలని బుద్ధి పుట్టింది, కోడలిని మనిషిగా చూసింది అనుకున్నాను. ఒక్కటి మాత్రం లోపల గుచ్చుకునేది. నేను ఏం చెప్పినా ఆమె ఒప్పుకునేది. నా మాట ఏనాడూ ఒక్కసారికి ఒప్పుకున్న మనిషి కాదు. ఒకరోజు నెయ్యి ఇంకా కాగాలేమో అని అనుమానంగా అన్నాను. ఇదివరకైతే నన్ను పక్కకు నెట్టి తనే చూసేది. నువ్వు ఎట్లా అంటే అట్లా అంది.

ఈ సంగతి గర్వంగా పక్కింటి పెద్దామెకు చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. ఆమె గోడ మీద ఆరేసిన బట్ట తీసుకుని మడతపెడుతూ, మా అమ్మ కూడా పోయే ముందు అట్లాగే పిలిచి పిలిచి నేర్పింది అంది. అని, అనకూడని మాట అన్నానని నాలుక కరుచుకుని లోపలికి పోయింది. ఆ మాట నేను మింగలేక మా ఆయనకు చెప్పాను. ఆయన ఎర్ర చొక్కా గుండీలు విప్పుతూ అట్లాగే ఆగిపోయాడు. అమ్మ నీకు పొయ్యి ఇస్తాందా అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన అన్నం ముందు కూర్చుని తల్లి ముఖం చూసేవాడు. ఆమె తింటే తినేవాడు. ఏదో వచ్చి గుమ్మం బయట నిలబడిందని ఇంట్లో అందరికీ తెలుసు. చేసిన ప్రతి తీపీ ఆమె చేతి చివరి తీపేమో అనుకుంటూ తింటే అది గొంతు దిగదు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. మా వైపు నాగుల పంచమి అంటే ఉండల పండగ. శేంగా ఉండ, నువ్వుల ఉండ, రవ్వ ఉండ, పుట్నాల ఉండ. పాము పుట్టకు పాలు పోసి, ఆ ఉండలు పెట్టి, ఆ తర్వాతే ఇంటింటికీ పంచుతాం. పంచమి నాడు పొయ్యి మీద పెనం పెట్టకూడదని అత్త పద్ధతి. అందుకని వేయించే పనులన్నీ ముందు రోజే. నేను బడికి పోయే ముందే నువ్వులు, శేంగాలు నా ముక్కు ముందు వేయించి, బెల్లం కొట్టి పెట్టింది. పాకం నేనొచ్చాక పడదాం అత్తా అన్నాను. సరే పో, నేను ఒట్టివే కట్టుకుంటాంటా అంది. దంచిన నువ్వులూ బెల్లమూ కలిపి పాకం లేకుండా కట్టే ఉండలకు పొయ్యి అక్కర్లేదు. కాబట్టి నేను నిశ్చింతగా పోయాను.

సాయంత్రం గాలి విపరీతంగా ఉంది. శ్రావణం గాలి మా ఊళ్ళో దుమ్మును కూడా నిలవనివ్వదు. గేటు తీయబోతుంటే ఆ గాల్లోనే ఒక్క క్షణం ఏదో వచ్చి పోయింది. సందులో ఎవరిదో అనుకున్నాను. మెట్లెక్కేసరికి మళ్ళీ వచ్చింది, ఈసారి పోలేదు. గ్యాస్. తలుపు సందులోంచి దట్టంగా వస్తోంది.

నా చేతిలో సంచి ఎక్కడ పడిందో తెలియదు. తలుపు దగ్గరికే వేసి ఉంది, తోశాను. లోపల కళ్ళు మండేంత కంపు. వంటింటి కిటికీలు, పెరటి తలుపు అన్నీ బిగించి ఉన్నాయి, దీపం గాలికి ఆరిపోకుండా. పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీంచి కారి కింద మడుగు కట్టాయి, మంట ఆరిపోయింది, బర్నర్ మాత్రం తిప్పినది తిప్పినట్టే ఉంది. అత్త దేవుడి గూటి ముందు పీట మీద కూర్చుంది. పక్కన పళ్ళెంలో నల్ల నువ్వుల ఉండలు వరసగా కట్టి పెట్టింది. ప్రమిదలో వత్తి వేసి నూనె పోసింది. ఎడమ చేతిలో అగ్గిపెట్టె, కుడి చేతిలో పుల్ల.

గట్టిగా అరిస్తే బెదిరి గీసేస్తుందేమో అని నా గొంతు నాకే వినపడనంత మెల్లగా అన్నాను. "అత్తా, గీయొద్దు."

పుల్ల అగ్గిపెట్టె అంచు మీద ఆగింది. ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"ఎందుకే?" అంది.

ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. చేదైన పొడి, ముక్కిపోయిన నిప్పట్లు, రాని ఘాటు, నా ముక్కు కింద పెట్టిన పాలగిన్నె, అన్నీ. ఇంటి నిండా గ్యాస్ కమ్ముకుని ఉంటే, దాని మధ్యలో కూర్చుని నిజంగా తెలియక అడుగుతోంది. పోయి బర్నర్ కట్టేశాను, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ తిప్పాను. ఫ్యాను స్విచ్ మీదికి పోయిన చెయ్యిని వెనక్కి లాక్కున్నాను. పెరటి తలుపు, కిటికీలు బార్లా తెరిచాను. గాలి లోపలికి వచ్చి పాత్రలు దొర్లించింది. ఆమె నేను చేసేదంతా చూస్తూ కూర్చుంది. నా చేతులు దేని మీదికి పోతున్నాయో చూసి ఆమెకు అర్థమైంది.

"వాసన వస్తాందా?" అంది.

"గేటు కాడికే వచ్చింది అత్తా."

ఆమె పుల్లను మళ్ళీ అగ్గిపెట్టెలో పెట్టి, మూసి, ఆ పెట్టెను నా చేతిలో పెట్టింది. నేను ఆమెను రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాను. బట్టలుతికే బండ మీద ఇద్దరం కూర్చున్నాం. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంత దాచిపెడతావా, అందరం పోయేవాళ్ళం కదా అని గట్టిగానే అరిచాను. అరుస్తూనే ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె ఆ చెయ్యి వంకే చూస్తూ చెప్పింది.

"ముక్కు ల్యాదు మే నాకు. ఆ జరంలో పోయింది, మళ్ళా రాల్యా. మీకు వచ్చింది కదా, నాకూ వస్తాదిలే అని సూసినా."

ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే నన్ను పొయ్యి దగ్గర కూర్చోనిస్తారా అని అడిగింది. అది నిజమే. అప్పుడు ఆమె మెల్లగా అసలు మాట అంది.

"నాలిక పెట్టకూడదు. ముక్కు ల్యాదు. ఇంగ దేవునికి నేనేం పెడతాండానో నాకే తెలీదు. ఆయప్పే నా సేతి కూడు వద్దని ముక్కు తీసుకున్యాడేమో."

దిష్టి అని ఊరంతా వెతికిన మనిషి లోపల మోస్తున్నది ఈ భయాన్ని. దేవుడే తన వంట తోసేశాడని. ఆ బండ మీద కూర్చుని నేను ఏం చెప్పగలను? అట్లా కాదులే అత్తా అన్నాను. ఆమె విన్నట్టు లేదు. గూట్లో దీపం ఆ రోజు వెలిగించలేదు.

మా ఆయన వచ్చి విని మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన ఎప్పుడూ తల్లికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం, ఇక నువ్వు పొయ్యి దగ్గరికి పోవద్దు అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "వానికి సెప్పు మే, నన్ను ఆడ్నుంచి లేపొద్దని" అంది. తల్లి మాట కొడుక్కి నేను చెప్పాను. ఆయన ఎర్రదుమ్ము పట్టిన చేతులతో ముఖం కప్పుకున్నాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను ఇంట్లో ఉన్నప్పుడే పొయ్యి వెలుగుతుంది. బడికి పోయేటప్పుడు రెగ్యులేటర్ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసుకుని పోతాను. దొంగకు పెట్టినట్టు పెట్టినావు తాళం అని దెప్పుతుంది. వంట మాత్రం ఆమెదే. ఆమె తిప్పుతుంది, నేను పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి వాసన చెప్తాను. దేవుడికి పెట్టేటప్పుడు, నీ ముక్కూ నా ముక్కూ ఒకటే అనుకోమని చెప్తున్నా ఆయప్పకు అంటుంది. ఆ రోజుల్లో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పోయింది ముక్కే కదా, మనిషి ఉందిలే అనుకున్నాను.

ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు పిల్ల చిన్నది, ఓపికగా అన్నీ అడిగింది. జ్వరం వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చు, ఇంకోటి కూడా కావచ్చు అంది. ఇంకోటి అంటే ఏంది అని మా ఆయన అడిగాడు. కొంతమంది పెద్దవాళ్ళకు ముందు వాసన పోతుందట, తర్వాత మెల్లగా మిగతావి పోతాయట. మరిచిపోవడం ఏమైనా ఉందా అని అడిగింది. లేదని నేనూ మా ఆయనా ఒకేసారి అన్నాం. అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆటోలో ఇంటికి వస్తుంటే కంటోన్మెంట్ దగ్గర మా సందు మలుపు వచ్చింది. ఆమె నా మోకాలి మీద చెయ్యేసి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"యాడికి పోతాండాము?"

"ఇంటికి అత్తా."

"హౌదు, ఇంటికే" అంది, నవ్వి.

ఆ రోజు నేను మా ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆటో కుదుపుకు కళ్ళు తిరిగి ఉంటుంది అనుకున్నాను. అనుకుంటే సరిపోయే రోజులు కొన్ని ఉంటాయి.

ఇప్పుడు కొత్తగా ఇంకోటి మొదలైంది. ఏ పనీ లేక ముందు గదిలో కూర్చుని ఉన్నప్పుడు, ఉన్నట్టుండి తలెత్తుతుంది. ఏదో మాడతాండాది సూడు పో మే అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు పట్టలేని సంతోషం వేసింది. ముక్కు తిరిగొచ్చింది అనుకుని వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి చల్లగా ఉంది. రెగ్యులేటర్ బీరువాలో ఉంది. ఏమీ లేదత్తా అని చెప్తే ఆమె ముఖం పాలిపోయింది. డాక్టరుకు ఫోన్ చేశాను. లేని వాసన రావడం కూడా ఉంటుంది, మళ్ళీ ఒకసారి తీసుకురండి అంది. ఎప్పుడు అంటే, తొందరగానే అంది.

రోజూ అదే. గురెళ్ళు మాడతాండాయి అంటుంది. ఎప్పుడూ గురెళ్ళే. ఏమీ లేదని చెప్తే నమ్మదు, తనే లేచి పోయి పొయ్యి తడిమి చూస్తుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. ఆమె అట్లా గోడ పట్టుకుని తిరగడం చూడలేక నిన్న సాయంత్రం నేను ఒక పని చేశాను. ఆమె అనగానే వంటింట్లోకి పోయాను. రెగ్యులేటర్ తగిలించి, పెనం పెట్టి, గుప్పెడు గురెళ్ళు వేసి, నల్లగా మాడి పొగ వచ్చేదాకా ఉంచాను. నాకు ముక్కు మూసుకోవాలనిపించేంత కంపు. పొయ్యి ఆర్పి, ఆ పెనం పట్టుకుపోయి ఆమెకు చూపించాను.

"అవునత్తా. నేనే మరిచిపోయినా. నువ్వు సెప్పినావు కాబట్టి దించినా. నీ ముక్కు నీకు వచ్చేసింది" అన్నాను.

ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పెనం మీదికి వంగి, ఒక చేత్తో ఆ పొగను తనవైపు విసురుకుంది, మునుపటిలాగే. కళ్ళు మూసుకుని వాసన చూసింది. తర్వాత తలెత్తి, జాలిగా నా చెంప మీద చెయ్యేసింది.

"ఇది కాదు మే" అంది. "ఇంగా యాడో మాడతానే ఉండాది."

నేను పెనం కింద పెట్టి, ఇల్లంతా మళ్ళీ వెతికాను.